ఇదా, ముందుదా?

కళ్ళజోళ్ళ కొట్టాయన గురించి మా వీధిలో ఒక కథ ఉంది. భార్య పక్షవాతమొచ్చి వంటింట్లో కూలిపోతే, ఆయన పక్కనే తాపీగా కూర్చుని, కంచంలో ఉన్నదంతా తిని, చెయ్యి కడుక్కుని, ఆ తరువాత అంబులెన్సుకి ఫోను చేశాడట. చెప్పేవాళ్ళను బట్టి కథ కాస్త పెరుగుతుంది. ఒకరు మారు వడ్డించుకున్నాడంటారు. మా పై వాటా ఆవిడ ఇంకో అడుగు ముందుకేసి, "తిన్నాక త్రేన్చాడట కూడా" అంటుంది. చివర్లో మాత్రం అందరూ ఒకే మాట కలుపుతారు: "ఊరికే అనట్లేదు, ఆ కొట్లో పిల్ల కళ్ళారా చూసిందట."

ఆ పిల్లను నేనే. చూసిన మాట నిజమే. ఆ రోజు మధ్యాహ్నం మెట్ల మీద పై వాటా ఆవిడ నన్ను ఆపి, "ఏమైందే? ఆయనేం చేస్తున్నాడు?" అని అడిగింది. "తింటున్నారండీ" అన్నాను. నేను చెప్పింది ఆ ఒక్క మాటే. ఆవిడ ఇంకేమీ అడగలేదు. అడగనిది చెప్పడం నాకు చేతకాదు. ఫోను ముందే చేశారనీ, "బండి వస్తుంది, గేటు బార్లా తీసి ఉంచు" అని ఆయనే నన్ను కేకేశారనీ ఆవిడ అడిగి ఉంటే చెప్పేదాన్ని. అయితే, భార్య అలా పడి ఉంటే ఆయనకు ముద్ద ఎలా దిగిందో నాకూ అర్థం కాలేదు. అందుకే తరువాత ఎవరేమన్నా అడ్డం పడలేకపోయాను.

ఆయన నాకు పెద్దనాన్న. మా నాన్నకు సొంత అన్న. తొమ్మిదో తరగతి మధ్యలో నా చదువు ఆగిపోయినప్పుడు, "ఇంట్లో కూర్చుని గోళ్ళు గిల్లుకోవడమెందుకు, నా దగ్గర అద్దాలు తుడుస్తుంది" అని తీసుకొచ్చారు. కింద కొట్టు, పైన ఇల్లు, ఆ పైన అద్దెకిచ్చిన వాటా. కొట్లో ఒక గోడకు అక్షరాల బోర్డు ఉంటుంది. పై వరుసలో గుమ్మడికాయంత అక్షరం, అట్టడుగు వరుసలో చీమలంత అక్షరాలు. ఎదురుగా కుర్చీ. కుర్చీ పక్కన చెక్కపెట్టెలో వరుసలు వరుసలుగా గుండ్రటి అద్దాలు. వచ్చినవాళ్ళ ముక్కు మీద ఇనుప ఫ్రేము పెట్టి, అందులో ఒక అద్దం వేసి, తీసి, ఇంకొకటి వేసి, "ఇది బాగుందా, ముందుది బాగుందా?" అని అడగడం ఆయన పని. అనీ అనీ ఆ మాట అరిగిపోయి "ఇదా, ముందుదా?" అయింది.

ఆయన ముఖంలో మాత్రం ఏ వరుసా చదవడానికి దొరికేది కాదు. షోకేసులో కళ్ళజోడు తొడిగిన ప్లాస్టిక్ తల ఒకటి ఉంటుంది. బడి పిల్లలు దాన్నీ ఆయన్నీ కలిపి "బొమ్మతలలు" అనేవారు. ఒకసారి ఒక ముసలాయన గుమ్మంలో నిలబడి, "ఇక్కడ రెండు తలలున్నాయి, దేనితో మాట్లాడాలమ్మాయ్?" అని నన్నడిగాడు. "కదిలేదానితో" అన్నారు పెద్దనాన్న, ముఖం కదపకుండానే.

ఆయనకు మనసు లేక కాదు. ఉన్నదేమిటో ఆయనకే తెలిసేది కాదు. అది పెద్దమ్మకు తెలిసేది.

ఇది చెబితే నవ్వుతారేమో. ఎవరైనా ఒంట్లో బాగాలేకపోతే డాక్టరును అడుగుతారు. పెద్దనాన్న మనసు బాగాలేకపోతే పెద్దమ్మను అడిగేవారు. నిజంగానే, నోరు తెరిచి, "నాకేమైందే?" అని. పెద్దమ్మ చేస్తున్న పని ఆపకుండా ఓసారి తలెత్తి చూసి చెప్పేది.

"కోపం. నా మీద కాదు, పొద్దున వచ్చిన ఆ ఫ్రేముల కంపెనీ అతని మీద. అతను మిమ్మల్ని 'తాతగారూ' అన్నాడుగా."

ఆయన కాసేపు ఆలోచించి, "అవును, అదే" అని, అప్పుడు కోప్పడేవారు. పేరు పెట్టిన తరువాతే ఆయనకు ఏదైనా వచ్చేది. మా మేనత్త పోయిన వార్త తెలిసిన రోజు ఆయన కొట్లో కూర్చుని పెట్టెలో ఉన్న అద్దాలన్నీ తుడిచారు. అయిపోయాక మళ్ళీ మొదటి నుంచీ తుడవడం మొదలుపెట్టారు. పెద్దమ్మ మెట్లు దిగి వచ్చి, ఆయన చేతిలోంచి గుడ్డ తీసుకుని, "ఏడుపొస్తోంది మీకు. పైకి రండి" అంది. మెట్ల మధ్యలోనే ఏడ్చేశారు. వాళ్ళ కూతురికి, అంటే మా అక్కకు, ఉద్యోగం వచ్చి ఊరికి అవతలి కొసన ఇల్లు తీసుకున్నప్పుడు, "సంతోషం మూడు పాళ్ళు, ఉక్రోషం ఒక పాలు. మిమ్మల్ని అడక్కుండా తీసుకుందని" అని పెద్దమ్మ లెక్క కట్టినట్టు చెప్పింది. ఆయన ఆ ఉక్రోషం సంగతి ఒప్పుకోలేదు. సాయంత్రానికి ఒప్పుకున్నారు.

అన్నిటికంటే ఎక్కువగా పెద్దమ్మ చెప్పే మాట ఒకటుంది. మధ్యాహ్నం ఒంటిగంట దాటితే ఆయన అద్దాలు గట్టిగా పెట్టడం, ఎదుటివాళ్ళు "రెండూ ఒకేలా ఉన్నాయండీ" అంటే "ఒకేలా ఎందుకుంటాయి?" అని గదమాయించడం మొదలయ్యేది. చెయ్యి కడుపు దగ్గరికి పోయేది. పెద్దమ్మ మెట్ల పైనుంచి పిలిచేది. "ఏమండీ, ఆకలేస్తోంది మీకు. రండి." కడుపులో మెలిపెట్టినట్టు ఉంటే దాన్ని ఆకలంటారని ఆయనకు ఆవిడే నేర్పిందని ఒకసారి నాతో అన్నారు. పెళ్ళికి ముందు ఏమనుకునేవారు పెద్దనాన్నా అని అడిగాను. "ఏమీ అనుకునేవాణ్ణి కాదు. అది పోయేదాకా నడిచేవాణ్ణి" అన్నారు.

అలాంటి పెద్దమ్మకు మాట పోయింది.

కుడి చెయ్యి, కుడి కాలు కొంత పోయాయి. మాట దాదాపు మొత్తం పోయింది. ఆసుపత్రి నుంచి తీసుకొచ్చేసరికి ఒకే ఒక్క మాట మిగిలింది. "సరే." నీళ్ళు కావాలా అంటే సరే. వద్దా అంటే సరే. నొప్పిగా ఉందా అంటే సరే. తను అడగాల్సింది అడగడానికీ సరే, తిట్టడానికీ సరే. అర్థమవుతుంది, అన్నీ వింటుంది, చెప్పబోతుంది, నోటికి వచ్చేసరికి అదే మాట వస్తుంది. అది తనకే వినబడి, ముఖం చిట్లించుకుని, మళ్ళీ ప్రయత్నించి, మళ్ళీ "సరే" అని, కళ్ళనీళ్ళు పెట్టుకునేది.

వారానికి రెండుసార్లు మాటల టీచరు వచ్చేది. నాకంటే నాలుగైదేళ్ళు పెద్దదై ఉంటుంది. సంచీలోంచి బొమ్మల కార్డులు తీసి మంచం మీద పరిచేది. నవ్వే ముఖం, ఏడ్చే ముఖం, భయపడే ముఖం, అలిగిన ముఖం.

"మీరు కూడా కూర్చోండి సార్. ఇందులో ఈయనకి ఏమైందో చెప్పండి" అంది పెద్దనాన్నతో మొదటి రోజు.

ఆయన కార్డును దగ్గరగా, దూరంగా పెట్టుకుని చూశారు. "ఎడమ కన్ను మెల్ల" అన్నారు.

టీచరు నవ్వాపుకుంది. "కన్ను కాదు సార్. మనసు. మనసెలా ఉంది ఈయనకి?"

"మనసు కార్డులో ఎక్కడుందమ్మా?"

మంచం మీద నుంచి పెద్దమ్మ "సరే, సరే, సరే" అంది. నవ్వుతోంది. పడిపోయాక నవ్వడం అదే మొదలు.

వెళ్ళేటప్పుడు టీచరు మెట్ల దగ్గర ఆగి చెప్పింది. "ఈ మొదటి నెలలే ముఖ్యం సార్. ఇంట్లోవాళ్ళే మాట అందివ్వాలి. ఆవిడకి ఏమనిపిస్తోందో మీరు పేరు పెట్టి అడగాలి. కోపంగా ఉందా, విసుగ్గా ఉందా, అలాగ. మీకు ఏమనిపిస్తోందో అది కూడా ఆవిడకి చెబుతూ ఉండండి."

"నాకు ఏమనిపిస్తోందో ఆవిడకే తెలుసమ్మా" అన్నారు పెద్దనాన్న.

"ఇప్పుడావిడ చెప్పలేరు కదండీ."

ఆయన మెట్ల కమ్మీ పట్టుకుని నిలబడిపోయారు. టీచరు వెళ్ళిపోయింది. ఆయన చెయ్యి కడుపు మీద ఉంది. పిలిచేవాళ్ళు లేరు.

మరునాటి నుంచి ఆయన తనకు తెలిసిన ఒకే ఒక్క పద్ధతిలో మొదలుపెట్టారు. పెద్దమ్మ ఎదురుగా స్టూలు వేసుకుని, అచ్చం కొట్లో కూర్చున్నట్టే కూర్చుని, "కోపమా?" అని ఆగి, "భయమా?" అని ఆగి, "ఇదా, ముందుదా?" అనేవారు.

"సరే."

"రెండిట్లో ఒకటి చెప్పు. నొప్పా, విసుగా? ఇదా, ముందుదా?"

"సరే. సరే."

ఒకరోజు కొట్లోకి దిగివచ్చి, నా పక్కన కూర్చుని, "కొందరొస్తారు చూడమ్మాయ్, ఏ అద్దం పెట్టినా బాగుందండీ అనేవాళ్ళు. వాళ్ళతోనే చావొస్తుంది" అన్నారు.

"వాళ్ళకెలా చూస్తారు మరి?"

"మాట వినను. అద్దం సరిపోనప్పుడు మనిషి మెడ ముందుకొస్తుంది. సరిపోతే భుజాలు దిగుతాయి."

చెప్పి, ఆయనే ఆగిపోయారు. లేచి పైకి వెళ్ళారు.

అప్పటినుంచి ఆయన పెద్దమ్మను అడగడం తగ్గించి చూడడం మొదలుపెట్టారు. భోజనం పెడుతూ చూసేవారు, దిండు సర్దుతూ చూసేవారు. నెమ్మదిగా సాగదీసి సరే అంటే అలిసిపోయినట్టు. కళ్ళు పక్కకు తిప్పి అంటే ఎవరో రావడం ఇష్టం లేనట్టు. వెంటవెంటనే రెండుసార్లు, "సరేసరే" అని ఒక్క ఊపిరిలో అంటే, వద్దని. ఈ చివరిది కనిపెట్టడానికి ఆయనకు మూడు వారాలు పట్టింది. ఆ మూడు వారాలూ పెద్దమ్మ తను వద్దన్న కుర్చీలోనే కూర్చుంది, వద్దన్న పాలే తాగింది.

ఒక ఉదయం నేను పెద్దమ్మకు బట్టలు మారుస్తున్నాను. పెద్దనాన్న మందులు తెచ్చి గదిలోనే నిలబడ్డారు. పెద్దమ్మకు ఒక్కసారిగా ఏడుపొచ్చింది. నేను చెయ్యి ఎక్కడో నొక్కాననుకుని బెదిరిపోయాను. ఆయన చూస్తూ నిలబడి, ఒక్కో అద్దం తీసి పక్కన పెడుతున్నట్టుగా, చాలాసేపటికి అన్నారు. "నీకు... సిగ్గేస్తోంది. నేనిక్కడున్నానని."

పెద్దమ్మ ఏడుపు ఆపింది. ఆయన వైపు తల తిప్పి, చాలాసేపు అలా చూసింది. ఆయన గది బయటికి వెళ్ళి తలుపు దగ్గరగా వేశారు.

ఆ పూట కొట్లో ఆయన బోర్డు తుడిచారు, కుర్చీ తుడిచారు, బొమ్మతల కూడా తుడిచారు. "సరిగ్గా చెప్పాను కదమ్మాయ్?" అన్నారు. అవునన్నాను. కాసేపటికి, "మరి నాకిప్పుడు ఏమై ఉంటుందంటావు?" అన్నారు. నన్ను అలాంటిది అడిగినవాళ్ళెవరూ లేరు. "సంతోషం అనుకుంటా పెద్దనాన్నా" అన్నాను. ఆయన దాన్ని పెట్టుకుని చూసినట్టు తల అటూ ఇటూ తిప్పి, "కావచ్చు" అన్నారు. అంతకంటే స్పష్టంగా చెప్పి ఉండాల్సింది నేను.

అక్క ఆ తరువాతి ఆదివారం వచ్చింది. మామూలుగా వచ్చినప్పుడు ముందు వంటింట్లోకి వెళ్ళి డబ్బాల మూతలు తీసి చూసేది. ఈసారి చెప్పులు విప్పకుండా గుమ్మంలోనే ఉంది. వీధి చివర ఆటో దిగినప్పటినుంచి ఇంటికొచ్చేలోపు ఆ కథ ఆమెకు మూడు చోట్ల వినబడిందట. పై వాటా ఆవిడ అయితే చెయ్యి పట్టుకుని మరీ చెప్పింది.

"అమ్మని తీసుకెళ్తున్నా నాన్నా. మా ఇంటికి" అంది.

"ఎందుకు?"

"ఎందుకా? నువ్వు చూసుకోలేవు కాబట్టి. అమ్మ ఏడుస్తుంటే ఎందుకేడుస్తుందో తెలీదు నీకు. ఎప్పుడూ తెలీదు."

"ఇప్పుడు తెలుస్తోంది. కొంచెం కొంచెం."

"నాన్నా, ఒక్క మాట అడుగుతాను, నిజం చెప్పు. అమ్మ పడిపోయిన రోజు నువ్వు తిన్నావా?"

"తిన్నాను."

అక్క నా వైపు చూసింది. నేను నేల చూశాను. నాకు తెలిసినంతవరకైనా నేను చెప్పాలి. ఫోను ముందే చేశారక్కా అనాలి. చివరికి "ఫోను..." అన్నాను.

"ఎవరి ఫోనే?" అంది అక్క తన సంచీలో వెతుక్కుంటూ. అక్కడితో అది అయిపోయింది.

పెద్దమ్మ బట్టలు, మందులు, కార్డులు రెండు సంచుల్లోకి వెళ్ళాయి. అక్క చెడ్డది కాదు. తల్లి జుట్టు చిక్కులు నొప్పి పుట్టకుండా ఒక్కొక్కటీ విడదీసి జడ వేసింది. జడ పూర్తిచేసి, వెనక్కి తిరిగి, గొంతు తగ్గించి అడిగింది. "నాన్నా, నన్ను ఆపాలనుంటే ఆపు. వాదించొద్దు, లెక్కలు చెప్పొద్దు. అమ్మ వెళ్ళిపోతుంటే నీకు ఏమనిపిస్తోంది? అది చెప్పు చాలు. ఉండనిస్తాను."

అంత తేలిక ప్రశ్న ఆయన్ను ఎవరూ అడగలేదు. అంత కష్టమైనదీ అడగలేదు. ఆయన గది మధ్యలో నిలబడి ఉన్నారు. చెయ్యి కడుపు మీదికి వెళ్ళింది. వేళ్ళు చొక్కాను గుప్పిట పట్టాయి. పెదవులు కదిలాయి, ఆగాయి. ఒకటి పెట్టి చూస్తున్నారు, తీసేస్తున్నారు, ఇంకొకటి పెడుతున్నారు. మంచం మీద నుంచి పెద్దమ్మ ముందుకు వంగి, మెడ చాచి, ఆయన్నే చూస్తోంది. ఆవిడకు తెలుసు. ఆ మాట ఆవిడ నోట్లో ఉంది. రావడం లేదు.

"ఆకలేస్తోంది" అన్నారు పెద్దనాన్న.

అక్క రెండు చేతులతో ముఖం కప్పుకుంది. నవ్వో ఏడుపో నాకు తెలియలేదు. "చాలు నాన్నా. ఇంకేం చెప్పకు" అంది. తల్లి భుజం కింద చెయ్యి వేసి, "పద అమ్మా, మనింటికి వెళ్దాం" అంది.

"సరేసరే" అంది పెద్దమ్మ, ఒక్క ఊపిరిలో.

"వద్దంటోంది" అన్నారు పెద్దనాన్న. గట్టిగానే అన్నారు. "వద్దంటోందమ్మా. రానంటోంది."

"సరే అంటే రాననా నాన్నా?" అంది అక్క.

ఆయన నా వైపు చూశారు. నేను తలూపాను. తలూపడం ఎవరికీ వినబడదు. అక్క పిలిపించిన కారు డ్రైవరు సంచులు కిందికి దింపాడు. మెట్లు దిగేదాకా పెద్దమ్మ సరేసరే అంటూనే ఉంది. ఎంత చక్కగా వెళ్తోందో చూడు తల్లి, అని పై వాటా ఆవిడ కటకటాల్లోంచి మురిసిపోయింది.

తరువాత రోజుల్లో అక్క పొద్దున్నే ఫోను చేసి, పెద్దమ్మ చెవి దగ్గర పెట్టేది. "మాట్లాడమ్మా, నాన్న." అటునుంచి "సరే" వినబడేది. పెద్దనాన్న ఫోను చెవికి అదిమి పెట్టుకుని, కళ్ళు మూసుకుని వినేవారు. పెట్టేశాక, "ఫోన్లో అన్నీ ఒకేలా ఉన్నాయమ్మాయ్" అనేవారు. మాటల టీచరుకు అక్క వాళ్ళ ఇల్లు దూరం. మరో టీచరును వెతుకుతున్నారు. మొదటి నెలలు అయిపోతున్నాయి.

కొట్టు మాత్రం తెరిచే ఉంటుంది. ఒంటిగంటకు నేనే అంటాను, "ఆకలేస్తోందేమో పెద్దనాన్నా" అని. అంటున్నప్పుడే అది తప్పేమోనని అనుమానం. ఆయన వెళ్ళి తినేసి వస్తారు. వచ్చాక కూడా చెయ్యి కడుపు మీదే ఉంటుంది.

నిన్న ఎవరూ రాలేదు. ఆయన పరీక్ష కుర్చీలో తనే కూర్చుని ఖాళీ ఫ్రేము చేత్తో తిప్పుతున్నారు. నేను ఎప్పుడూ అడగనిది అడిగాను. ఆ రోజు ఎందుకు తిన్నారు పెద్దనాన్నా, అని. ఇన్నాళ్ళూ ఎవరూ అలా అడగలేదు. తిన్నావా అనే అడిగారు.

ఫ్రేము పెట్టెలో పెట్టేశారు. తరువాత చెప్పారు. చెప్పి, "మీ అక్కతో అనకు. తప్పు మీ పెద్దమ్మ మీదికి పోతుంది. ముప్ఫై ఏళ్ళలో నా సంగతి ఆవిడ తప్పు చెప్పింది ఆ ఒక్కసారే" అన్నారు.

ఆయన అంబులెన్సుకి ఫోను చేసి మళ్ళీ వంటింట్లోకి వచ్చేసరికి పెద్దమ్మ అలాగే గోడకు ఒరిగి నేల మీద ఉంది. కుడి చెయ్యి కదలడం లేదు, నోట మాట రావడం లేదు. పక్కన ఆయన కోసం వడ్డించిన కంచం ఉంది. ఆయన ఎదురుగా కూలబడి, రెండు చేతులతో కడుపు పట్టుకున్నారు. పెద్దమ్మ ఆయన ముఖం చూసి, కదిలే ఎడమ చేత్తో కంచం ఆయన ముందుకు తోసింది. ఆయన మొదటి ముద్ద నోట్లో పెట్టుకునేదాకా ఆ చెయ్యి తియ్యలేదు.